పొలి

గిద్దలూరు పక్క పల్లెలో చిన్నప్పుడు చూసిన జాతర ఇది. వేటను కొట్టాక గంపెడన్నంలో నెత్తురు పోసి కలిపేవాళ్లు. తెల్లని మెతుకు ఎర్రబడి, కలిపేకొద్దీ నల్లగా తిరిగేది. ఆ గంప ఎత్తుకుని ఒకాయన పొలిమేర చుట్టూ చల్లుకుంటూ పరుగెత్తితే, వెనక దివిటీలు, కర్రలు, "పొలి! పొలి!" అని కేకలు. అవ్వ తలుపు గడియ పెట్టి, "పొలి చల్లతన్నారు, బయటికి పోబాకండ్రా" అనేది.

ఏ దెయ్యం సినిమా చూసినా అంత భయం మళ్లీ కలగలేదు.

పొలియడమంటే చావడం. మన కావ్యాల్లో యుద్ధభూమి పేరు పొలికలను. తమిళంలో కళం అంటే కళ్లమూ అవుతుంది, యుద్ధరంగమూ అవుతుంది. అక్కడ పొలి అంటే పెరుగుదల; ధాన్యం కొలిచేటప్పుడు ఆ మాటే పలుకుతారు. రాజరాజనరేంద్రుడి కొడుకు కులోత్తుంగుడి కళింగ విజయం మీద జయంగొండార్ రాసిన పరణి కావ్యంలో పిశాచాలు రణరంగంలోనే గంజి వండుకుంటాయి. ఆ గంజికి తమిళంలో కూళ్ అని పేరు, మన కూడుకు తోబుట్టువు. కోయడం, తొక్కించడం, రాశి పోయడం, వండుకోవడం: కళ్లంలో జరిగేదంతా కలనులోనూ జరుగుతుంది. పంట మాత్రం మనుషులు.

ఆకలి లేని యుద్ధభూతాన్ని నేను నమ్మను. 1964లో వచ్చిన జపాన్ సినిమా 'ఒనిబాబా' అందుకే నాకు దగ్గరైంది. అంతర్యుద్ధ కాలం. నిలువెత్తు రెల్లుగడ్డిలో ఒక అత్తా కోడలూ దారితప్పిన సైనికులను చంపి, గోతిలో తోసి, వాళ్ల కవచాలు అమ్ముకుని గింజలు తెచ్చుకుంటారు. దెయ్యపు ముసుగు తర్వాతెప్పుడో వస్తుంది. ముందు ఉండేది ఆకలే.

మన పడమటి ప్రకాశం యుద్ధగాథ పుట్టింది కూడా గడ్డి దగ్గరే. 13వ శతాబ్దంలో కరువు తరిమితే కాటమరాజు ఆలమందలను నెల్లూరు సీమకు తోలాడు. పుల్లరి దగ్గర, అంటే గడ్డి పన్ను దగ్గర, మాట చెడింది. పాలేటి ఒడ్డున పంచలింగాల పొలికలనైంది. నెల్లూరి వైపు ఖడ్గతిక్కన పోరాడాడు. గంగ కొలుపుల్లో కొమ్ములవారు ఆ కథ ఇంకా చెబుతారు.

పొలి చల్లిన మర్నాడు పొద్దున్నే మేం పొలిమేర గట్టుకు పోయి చూసేవాళ్లం. గరిక మీద ఎండిన మెతుకులు నల్లగా అంటుకుని ఉండేవి. ఊరి గొర్రెలు ఆ గరికలోనే మేస్తుండేవి.