కార్ నికోబార్‌లో క్రిస్మస్

పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణాన సుమారు 270 కిలోమీటర్ల దూరంలో ఉన్న కార్ నికోబార్‌లో క్రిస్మస్ ఇంటింటి పండగ కాదు, ఊరుమ్మడి పండగ. కొబ్బరితోటలూ పందులూ 'తుహెట్' అనే ఉమ్మడి కుటుంబానివి. విందు బరువూ దానిదే. కొబ్బరి తిని బలిసిన పందులను కోస్తారు. చర్చిలో ఆరాధన, పాటలు అయ్యాక ఆడా మగా ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకొని వలయంగా నాట్యం చేస్తారు. క్రైస్తవం రాకముందూ పూర్వీకుల పేరిట జరిగే పండగకు పందులే ప్రధానం. కొత్త మతం ఇక్కడ పరాయిదిగా మిగలకపోవడానికి అదీ ఒక కారణం.

19వ శతాబ్ది చివర్లో తమిళ క్రైస్తవ ప్రచారకుడు వేదప్పన్ సాలమన్ ముస్ గ్రామంలో బడి పెట్టాడు. ఆయన శిష్యుడే జాన్ రిచర్డ్‌సన్. ముస్‌లో పుట్టి, బర్మాలో చదువుకొని వచ్చి, పిల్లలకు చదువు చెప్పాడు, ఫుట్‌బాల్ నేర్పాడు, కొత్త నిబంధనను నికోబారీలోకి తెచ్చాడు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ దీవిని ఆక్రమించినప్పుడు ఆయనకు మరణశిక్ష పడింది. యుద్ధం ముగియడంతో ప్రాణం దక్కింది. 1950లో బిషప్ అయ్యాడు, మొదటి లోక్‌సభకు నామినేట్ అయ్యాడు. దీవిలో ఆయన పేరు తలవని క్రిస్మస్ లేదంటే అతిశయోక్తి కాదు.

ఆ తర్వాతి దశాబ్దాలు ప్రశాంతంగా గడిచాయి. ముస్, లపతి, మలక్కా, పెర్కా, కకానా, సవాయ్, అరోంగ్, తమాలూ, కిన్‌మాయ్, చుక్‌చుచా, మిగతా గ్రామాలూ ఏటా క్రిస్మస్ విందులో తమ తమ వంతు వేసుకున్నాయి.

2004లో క్రిస్మస్ శనివారం వచ్చింది. మర్నాడు ఆదివారం. పొద్దున ఆరున్నరకు భూమి కంపించింది. నిమిషాల్లోనే సునామీ కెరటాలు తీరాన ఉన్న ఊళ్ల మీద పడ్డాయి. విందు ముగిసి ఒక్క రాత్రే గడిచింది. మనుషులతోపాటు గుండ్రటి గుడిసెలు, చర్చిలు, పందులు, కొబ్బరితోటలు పోయాయి. మిగిలినవారు దీవి లోపలికి వెళ్లి రేకుల షెడ్లలో ఉన్నారు.

సాయం ఉదారంగానే వచ్చింది. పరిహారం మాత్రం భార్యాభర్తల లెక్కన విడివిడి ఇళ్లకూ, బ్యాంకు ఖాతాలకూ పంచారు. తుహెట్‌ను అడిగినవారు లేరు. పంది ఎవరిది, తోట ఎవరిది అన్న ప్రశ్న అంతకుముందు దీవిలో అంతగా వినిపించేది కాదు. అల చేయని పని ఆ పంపకం చేసిందని చెప్పక తప్పదు.

కొబ్బరి తిరిగి నాటారు, పందులు తిరిగి పెరిగాయి, విందు కొనసాగింది. డిసెంబరు 26న మృతుల కోసం ప్రార్థనలు జరుగుతాయి.