ఏలూరులో ఎవరు పడిపోలేదు?

2020 డిసెంబరు 5, శనివారం. కరోనా భయం ఇంకా వదలని ఏలూరులో వన్‌టౌన్ వైపు నుంచి ప్రభుత్వాసుపత్రికి ఆటోల మీద ఆటోలు వస్తున్నాయి. తీసుకొచ్చిన వాళ్లందరిదీ ఒకటే మాట. అప్పటిదాకా బాగానే ఉన్న మనిషి ఉన్నట్టుండి కళ్లు తేలేశాడు, నోట్లోంచి నురగ, కొద్ది నిమిషాలు ఫిట్స్. తేరుకున్నాక తలనొప్పి, నీరసం. చాలామంది గంటల్లోనే లేచి ఇంటికి వెళ్లారు. ఒకరు మాత్రం చనిపోయారు. వారం పది రోజుల్లో బాధితుల లెక్క ఆరు వందలు దాటింది.

పత్రికలు 'వింత వ్యాధి' అన్నాయి. కొళాయి నీళ్లన్నారు, గాలన్నారు, కరోనాకు చల్లిన బ్లీచింగన్నారు. ఊరు ఊహిస్తుంది, దాన్ని తప్పుపట్టలేం. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, పర్యావరణ పరిశోధన సంస్థ నీరి, ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందాలు మాత్రం వేరే దారి పట్టాయి. రోగి పక్కన డాక్టరు అడిగేది ఈ మనిషికేమైందని. వ్యాధి ఊళ్లో ఎలా పాకిందో వెతికే ఎపిడెమియాలజిస్టు అడిగేవి వేరు. ఎవరికి వచ్చింది, ఎక్కడ, ఎప్పుడు? అన్నిటికన్నా ముఖ్యం, ఎవరికి రాలేదు?

ఆ ప్రశ్న ముందు ఊహలు ఒక్కొక్కటే కూలాయి. అంటువ్యాధే అయితే ఇంటిల్లిపాదీ పడాలి. ఇక్కడ ఇంటికొకరో ఇద్దరో. కొళాయి నీళ్లే అయితే ఆ నీళ్లు తాగనివాళ్లు ఎందుకు పడ్డారు? కరోనా పరీక్షల్లో ఏమీ లేదు, మెదడు స్కానింగుల్లోనూ ఏమీ లేదు. రక్తం చూసిన ఎయిమ్స్‌కు సీసం, నికెల్ కనిపించాయి. చివరికి నిపుణుల వేలు పురుగుమందుల అవశేషాల వైపు చూపింది. అవి ఒంట్లోకి ఎలా చేరాయో తేలాలంటే మరింత అధ్యయనం కావాలన్నారు.

ఇది సగం విజయమే అని నేనంటాను. 1854లో లండన్‌లో డాక్టరు జాన్ స్నో కలరా చావులు ఎక్కడెక్కడ జరిగాయో ఆరా తీసి, బ్రాడ్ స్ట్రీట్ నీటి పంపు పిడి తీయించాడు. కలరా క్రిమి సంగతి అప్పటికి వైద్యలోకం ఒప్పుకోలేదు. అయినా పంపు దొరికింది. ఏలూరులో విషం జాడ దొరికింది, పంపు దొరకలేదు.

ఇంతకీ వ్యాధి జాడ పట్టే ఈ శాస్త్రం మొదలయ్యేది ఢిల్లీలో కాదు. 2004 నుంచి నడుస్తున్న సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమంలో మొదటి లెక్క రాసేది ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం. ఏలూరులోనైనా, నంద్యాల జిల్లా జూపాడు బంగ్లాలోనైనా అంతే. మీ వీధిలో ఒకే రోజు రెండిళ్లలో వాంతులు, విరేచనాలు మొదలైతే ఆర్ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుని ఊరుకోకండి. ఆ రోజే ఏఎన్ఎం అమ్మకో, ఆశా కార్యకర్తకో కబురు పెట్టండి. ఏ నీళ్లు తాగారో, ఏం తిన్నారో చెప్పండి. ఇంట్లో ఎవరు బాగున్నారో అదీ మరవకుండా చెప్పండి.