బాదామ్ కీ జాలీ: హైదరాబాద్ బాదం మిఠాయి, ఇటలీలో దాని చుట్టాలు

బాదామ్ కీ జాలీ హైదరాబాద్ ముస్లిం కుటుంబాల్లో తరాలుగా చేస్తున్న బాదం మిఠాయి. మంగ్నీ, నికాహ్, ఈద్‌లకు డబ్బాల్లో పెట్టి పంచుతారు. ఉర్దూలో జాలీ అంటే చిల్లులు తీసిన నగిషీ. మిఠాయి మీద కోసే ఆకారాల వల్లే ఆ పేరు.

తయారీ ఎలా?

బాదం నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బుతారు. పంచదార కలిపి సన్న సెగ మీద ముద్దయ్యే దాకా తిప్పుతూనే ఉండాలి. సెగ ఎక్కువైతే బాదంలోని నూనె బయటికొచ్చి ముద్ద విరిగిపోతుంది. తర్వాత పలుచగా ఒత్తి, అచ్చులతో పువ్వులు, చంద్రవంకల్లా కోస్తారు. నగిషీ మధ్యలో వెండి వరఖ్ మెరిసేలా అతికించి, ఓవెన్‌లో కాసేపు ఉంచుతారు. మైదా వాడరు. ఇదే ముద్దను ఆసఫ్‌జాహీ బంగారు నాణెం అచ్చుతో గుండ్రంగా ఒత్తితే అది అష్రఫీ.

ఇటలీలో

బాదం, పంచదార మీదే నడిచే మిఠాయిలు ఇటలీలో ఊరికో రకం. సియెనాలో చేసే రిచ్చరెల్లి మెత్తగా ఉంటుంది, పైన పంచదార పొడి చల్లుతారు, క్రిస్మస్‌కి ముఖ్యం. సరోన్నో ఊరి అమరెత్తి కరకరలాడుతుంది. సస్సెల్లోలో అదే అమరెత్తి మెత్తగా చేస్తారు. అమరో అంటే చేదు. చేదు బాదం రుచి వల్ల ఆ పేరొచ్చింది. వీటిలో గుడ్డు తెల్లసొన కలుపుతారు. ప్రాతోలో ప్రసిద్ధమైన కంతుచ్చి మాత్రం పిండితో చేసి, రెండుసార్లు కాల్చే గట్టి బిస్కెట్.

పేరుకు రక్షణ

సియెనా రిచ్చరెల్లికి 2010లో యూరప్ భౌగోళిక గుర్తింపు దక్కింది. నిర్ణయించిన ప్రాంతంలో, రాసిపెట్టిన పద్ధతిలో చేస్తేనే ఆ పేరు వాడాలి. హైదరాబాద్ హలీమ్‌కి జీఐ వచ్చింది కూడా అదే ఏడాది. బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో వచ్చింది. జీఐ అంటే ఏమిటో బొబ్బిలి వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు, మన వీణకు ఆ గుర్తింపు ఉంది.

కొనేటప్పుడు

బాదం ఖరీదెక్కువ కాబట్టి జీడిపప్పుతోనూ, రెండూ కలిపీ జాలీ చేస్తున్నారు. పలాస జీడిపప్పు పక్కనే ఉన్న మన జిల్లాల్లో ఇంట్లో చేసుకోవాలంటే అదే తేలిక. రుచికి లోటేమీ ఉండదు. కానీ బాదం ధర కట్టి జీడిపప్పు తినడం వేరు. ఇంట్లో చేసి అమ్మేవాళ్ల డబ్బాల మీద లేబుల్ ఉండకపోవచ్చు. బాదం ఎంత, జీడిపప్పు ఎంత అని ఆర్డర్ ఇచ్చేటప్పుడే అడగాలి.