తపఃకాలం: కలిసి నడిచిన నలభై రోజులు

విభూది బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకుని మొదలుపెట్టే నలభై రోజులను తెలుగు కథోలికులు తపఃకాలం అంటారు. ప్రొటెస్టెంట్లలో చాలామందికి ఇవి శ్రమల దినాలు. ఈ రోజుల్లో ఎవరిని పలకరించినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: ఈసారి ఏం మానేశారు? మాంసమా, టీనా, ఫోనా? చరిత్రలో వెనక్కి వెళ్లేకొద్దీ ఈ ప్రశ్న చిన్నదవుతూ వస్తుంది. తొలి తరాలవారు ఉపవాసం అనగానే ఎవరి కోసం అని అడిగేవారు.

అతి పాత క్రైస్తవ రచనల్లో ఒకటైన ‘దిదాఖే’లో దీనికి సాక్ష్యం ఉంది. జ్ఞానస్నానానికి ముందు దాన్ని పొందేవారు, ఇచ్చేవారు, చేతనైన మరికొందరు కూడా పస్తుండాలని అది చెబుతుంది. కొత్తగా వచ్చే ఒక్క మనిషి కోసం సంఘంలో మరికొందరు కూడా కడుపు మాడ్చుకునేవారన్నమాట. రెండో శతాబ్దంలో రోములో పుట్టిన ‘హెర్మాసు కాపరి’ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఉపవాసం నాడు రొట్టె, నీళ్లతో సరిపెట్టుకోవాలి. ఆ రోజు మామూలు భోజనానికి ఎంతయ్యేదో లెక్కగట్టి, ఆ సొమ్ము విధవరాలికో అనాథకో లేనివారికో ఇవ్వాలి. అదే శతాబ్దంలో ఏథెన్సు తత్త్వవేత్త అరిస్టైడీసు క్రైస్తవుల తరఫున రోమా చక్రవర్తికి రాసుకున్న విన్నపంలోనూ ఈ మాట ఉంది: పేదవాడికి పెట్టడానికి తమ దగ్గర ఏమీ లేకపోతే వీళ్లు రెండు మూడు రోజులు పస్తుండి ఆ తిండి అతనికి పెడతారని.

రోజుల లెక్క మాత్రం అప్పటికి కుదరలేదు. 190 ప్రాంతంలో లియోను పీఠాధిపతి ఇరేనియసు రోముకు రాసిన ఉత్తరం ప్రకారం, పాస్కాకు (ఈస్టర్ పండుగకు) ముందు కొందరు ఒక రోజు, కొందరు రెండు రోజులు, మరికొందరు నలభై గంటలు ఉపవాసం ఉండేవారు. ఇన్ని తేడాలున్నా ఒకరితో ఒకరు సమాధానంగానే ఉండేవారని ఆయన గుర్తు చేశాడు. 325లో జరిగిన నీకయా మహాసభ ఐదో నియమంలో ‘నలభై’ అందరూ ఎరిగిన కాలంగా కనిపిస్తుంది.

380లలో యెరూషలేముకు యాత్ర చేసిన ఎగేరియా అనే స్త్రీ అక్కడి తపఃకాలాన్ని కళ్లకు కట్టినట్టు రాసింది. జ్ఞానస్నానం కోరేవారు పేరు నమోదు చేయించుకోవడానికి వస్తే, పీఠాధిపతి వాళ్ల ఇరుగుపొరుగును పిలిచి విచారించేవాడట. తల్లిదండ్రుల మాట వింటాడా, తాగుతాడా, అబద్ధాలాడతాడా అని. అందులో నెగ్గినవారికి రోజూ మూడేసి గంటల లేఖన బోధ ఉండేది. ఆత్మ ఎదిగిందో లేదో పక్కింటివాడు చెప్పాలన్న ఈ పద్ధతి నన్ను ఎంతగానో కదిలిస్తుంది. ఏకాంత ధ్యానం విలువైనదే అయినా, అందులో మనకు మనమే సాక్షులం.

నా మట్టుకు ఈ చరిత్రంతటిలో 387వ సంవత్సరపు తపఃకాలమే శిఖరం. ఆ ఏడాది థియొడోసియసు చక్రవర్తి వేసిన కొత్త పన్నుపై అంతియొకయలో జనం తిరగబడి, రాజకుటుంబపు విగ్రహాలను పడగొట్టి వీధుల్లో ఈడ్చారు. ఊరు ఊరంతా మరణదండనకు భయపడి వణికిపోయింది. వృద్ధుడైన పీఠాధిపతి ఫ్లావియను, సోదరి మరణశయ్యపై ఉన్నా, క్షమాభిక్ష కోసం కాన్‌స్టాంటినోపుల్‌కు బయలుదేరాడు. ఊళ్లో మిగిలిన గురువు యోహాను క్రిసోస్తం ఆ నలభై రోజులూ భయంతో గుమిగూడిన జనానికి బోధించాడు. నోరు మాంసం ముట్టకుండా తోటివాడిని కొరుక్కు తింటుంటే ఏం లాభమన్నదే ఆయన వాదన. కళ్లు, చెవులు, చేతులు కూడా పస్తుండాలన్నాడు. ఈ కాలం ముగిసేలోగా మూడు పనులు చేయమని అడిగాడు: ఎవరి గురించీ చెడు మాట్లాడవద్దు, ఎవరినీ శత్రువుగా ఉంచుకోవద్దు, ఒట్లు పెట్టే అలవాటు మానాలి. చివరికి చక్రవర్తి క్షమించాడు. ఫ్లావియను ఆ కబురుతో పాస్కాకు ఊరు చేరాడు.

సరిగ్గా ఆ వారాల్లోనే మిలానులో అగుస్తీను అనే మాజీ వాక్చాతుర్యపు ఆచార్యుడు తన కొడుకు అదెయొదాతుతో, స్నేహితుడు అలీపియుతో కలిసి జ్ఞానస్నానానికి సిద్ధపడుతున్నాడు. పాస్కా జాగరణ రాత్రి అక్కడి పీఠాధిపతి అంబ్రోసు చేతుల మీదుగా ముగ్గురూ దాన్ని పొందారు. ఒక నగరం క్షమ కోసం, ఒక మనిషి కొత్త జన్మ కోసం ఒకే కాలంలో ఎదురుచూశారు.

తర్వాతి శతాబ్దాల్లో పసిపిల్లల జ్ఞానస్నానమే సర్వసాధారణం అయ్యేసరికి, సిద్ధపడే పెద్దలు కరువయ్యారు. తపఃకాలం తన మొదటి పనిని పోగొట్టుకుంది. బహిరంగంగా ప్రాయశ్చిత్తం చేసుకునే పాపులను పవిత్ర గురువారం నాడు తిరిగి సంఘంలో చేర్చుకునే ఆచారం కూడా క్రమంగా సన్నగిల్లి, గురువు చెవిలో చెప్పుకునే పాపసంకీర్తనం దాని స్థానంలోకి వచ్చింది. ఒకప్పుడు ఆ పాపుల గుర్తుగా ఉన్న బూడిదను అందరూ ధరించాలని 1091లో బెనెవెంతో సభ చెప్పింది. అది మంచి మార్పే. కానీ జనం మనసులో నిలిచింది తిండి నియమాలే. మాంసం, గుడ్లు, పాలు, వెన్న నిషేధం. డబ్బు కడితే వెన్నకు మినహాయింపు దొరికేది. ఆ డబ్బుతో కట్టారని చెప్పే, ఫ్రాన్సులోని రూఆన్ మహాదేవాలయపు గోపురాల్లో ఒకదాన్ని ఇప్పటికీ వెన్న గోపురమనే పిలుస్తారు. లూథరు 1520లో ఈ వ్యాపారాన్ని దుయ్యబట్టాడు. 1522లో జ్యూరిక్ ముద్రాపకుడు ఫ్రోషావర్ ఇంట్లో పనివాళ్లు ఉపవాస దినాల్లో సాసేజీలు తిన్నారు. అక్కడే ఉండి తినని ఆ ఊరి బోధకుడు జ్వింగ్లి తర్వాత వాళ్ల పక్షాన ప్రసంగించాడు. బలవంతపు ఉపవాసాన్ని కాదనడం న్యాయమే. అయితే దానితోపాటు అందరూ కలిసి పస్తుండే కాలమే చాలా సంఘాల నుంచి జారిపోయింది.

తూర్పు సంఘాలు కలిసి పస్తుండే ఆ గొలుసును తెంచుకోలేదు. ఆర్థడాక్సు దేవాలయాల్లో తపఃకాలం తొలి సాయంత్రం ఒకరి ముందు ఒకరు వంగి క్షమాపణ అడిగిన తర్వాతే ఉపవాసంలో అడుగుపెడతారు. ఇథియోపియాలో అది 55 రోజులు.

కథోలిక సంఘం రెండో వాటికన్ మహాసభలో, 1963 నాటి ఆరాధన పత్రంతో, తపఃకాలానికి జ్ఞానస్నానం, ప్రాయశ్చిత్తం రెండూ ఆధారాలని మళ్లీ చాటింది. పెద్దలను సిద్ధపరిచే క్రమం 1972లో తిరిగొచ్చింది. దానికన్నా ముందే, 1958లో జర్మనీ పీఠాధిపతులు స్థాపించిన మిసెరెయోర్ తపఃకాలపు చందాలను లోకంలోని ఆకలి మీద పోరాటానికి మళ్లించింది. హెర్మాసు లెక్క మళ్లీ చేతికొచ్చిందనిపిస్తుంది.

తెలుగునాట ఈ దారులన్నీ కలుస్తాయి. లూథరన్, సీఎస్ఐ సంఘాలు ఈ కాలాన్ని పాటిస్తున్నాయి. అమెరికా బాప్టిస్టుల వారసత్వంలో దీనికి చోటు లేకపోయినా, ఇప్పుడు ఆ ఇళ్లలోనూ శ్రమల దినాల కూటాలు వినిపిస్తున్నాయి. ఎసరు పెట్టేముందు పిడికెడు బియ్యం దేవుడి పేర వేరే తీసిపెట్టిన అమ్మమ్మలు మన సంఘాలను నిలబెట్టారు. ఇంటింటి ప్రార్థనలు, సిలువ మార్గం, గుడ్ ఫ్రైడే నాటి ఏడు మాటల ప్రసంగాలు ఇప్పటికీ జనాన్ని కట్టిపడేస్తాయి.

మనం వెనక్కి తెచ్చుకోనిది పవిత్ర గురువారపు సమాధానం. పెద్దల పంతాలతో రెండుగా చీలిన సంఘాలు, కులం పేరుతో వేరుపడిన కూటాలు మన మధ్య ఉన్నాయి. ఇంటింటి కూటాల జాబితా రాసేటప్పుడు, మనతో మాటలు లేని ఇళ్లను మొదటి వారంలోనే వేయాలి. పవిత్ర గురువారం ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేలోపు వాళ్లతో మాట్లాడటానికి ఇంకా అయిదు వారాలు చేతిలో ఉంటాయి.