మెడోస్ టైలర్ నవలలో భయానకము

హైదరాబాదు పాతనగరమునందలి మాదన్నపేట గోలకొండ ప్రధానామాత్యుడగు మాదన్న పేరున వెలసినదని జనశ్రుతి. 1686లో మాదన్నయు, సోదరుడగు అక్కన్నయు గోలకొండలో హతులైరి. మరుసటి సంవత్సరమే ఆ దుర్గము ఔరంగజేబు వశమయ్యెను. ఆ హత్య బహిరంగము. హతుని పేరు నేటికిని మాదన్నపేట మండీకి కూరలు తెచ్చువారి నోట నున్నది. ఇదే నగరమును ముఖ్యరంగములలో నొకటిగా గొన్న విక్టోరియా యుగపు నవల యొకటి కలదు. అందలి హత్యలు రహస్యములు. హతులలో పెక్కుమందికి పేరులైనను మిగులలేదు. ఆ నవలలోని భయమునకు మూలమును ఈ భేదమునందే వెదకవలెనని నా అభిప్రాయము.

ఆ నవల 1839లో వెలువడిన 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్'. కర్త ఫిలిప్ మెడోస్ టైలర్. అతడు 1808లో లివర్‌పూలున జన్మించి, 1824లో బొంబాయి చేరి, పిదప నిజాము సైన్యమున ఉద్యోగియయ్యెను. 1836లో స్లీమన్ థగ్గుల రహస్యభాషను గూర్చి 'రామసీయానా' ప్రకటించెను. ప్రాణరక్షణకై తోడివారిని పట్టియిచ్చిన థగ్గుల వాఙ్మూలములే ఇట్టి రచనలకు ఆధారములు. టైలర్ నవలలో అమీర్ అలీ యను బందీ ఒక దొరకు తన కథ చెప్పును. అతడు చార్మినార్ నగరమును చూచి అబ్బురపడుటయు, అజీమాను ఇచ్చటనే చేపట్టుటయు అందలి ముఖ్యఘట్టములు.

ఐరోపాలో గోథిక్ నవల 1764లో హోరేస్ వాల్‌పోల్ రచించిన 'ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో'తో ఆరంభమైనది. పాడుపడిన కోటలు, నేలమాళిగలు, ప్రేతములు దాని సామగ్రి. గోలకొండ శిథిలములు చేరువనే యున్నను టైలర్ భయమును వానియందు నిలుపలేదు. చేతి రుమాలు, బెల్లపు ముక్క, గునపము, పొగాకు తెమ్మను మాట: ఇవి అతని పరికరములు. రుమాలు ఉరియగును, బెల్లము దీక్షాప్రసాదమగును, పొగాకు తెమ్మనుట హత్యకు సంకేతమగును. చిరపరిచితమైనది పరాయిదై తోచినప్పుడు కలుగు భీతిని గూర్చి ఫ్రాయిడ్ 1919లో వ్రాసెను. ఆ భీతి ఈ నవలలో ఎనుబది ఏండ్లకు పూర్వమే కానవచ్చుచున్నది.

మన ఆలంకారికులు భయానకమునకు భయమును, బీభత్సమునకు జుగుప్సను స్థాయీభావములుగా జెప్పిరి. ఇందు రెండును పెనవైచుకొన్నవి. బాటసారులతో నవ్వుచు నడచి, వారిని చంపి పూడ్చి, తాను నిశ్చింతగా భుజించు కథకుడు తన నేర్పునకు గర్వించును. రక్తపాతముకంటె ఆ గర్వమే వికృతము. తనను పెంచిన ఇస్మాయిలే తన తల్లిదండ్రుల హంతకుడు. తాను తెలియక చంపిన స్త్రీ తన తోబుట్టువు. ఇచ్చట ప్రేతము లేదు, ఇల్లే శ్మశానమైనది.

అయితే ఈ భయమును దేశస్వభావముగా గ్రహించుట పొరపాటు. బందీ చెప్పగా దొర వినుచున్నాడు. మాట బందీది, గ్రంథము దొరది. థగ్గుల వ్యవస్థలో యథార్థమెంత, పాలకుల కల్పన యెంత యను విషయమున చరిత్రకారులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. బాటలలో దోపిడులు, హత్యలు జరిగినమాట నిజము. వానినన్నిటిని ఒకే మతరహస్యముగా కూర్చిన కథనమును ఆ పాలన తన అవసరమునకు వాడుకొన్నది.

హంతకుని ప్రతి మాటను భద్రపరచిన ఆ గ్రంథమునందు చచ్చినవారి గొంతు వినబడదు. మాదన్నకు ఒక పేట మిగిలినది. ఆ బాటసారులకు, గుడారముల క్రింద చదునుచేసిన నేల తప్ప, గురుతు లేదు. ఆ నవలలో మిక్కిలి భయంకరమైనది రుమాలు కాదు, ఆ చదునుచేసిన నేల.