పచ్చిక, సర్కారు తుమ్మ, మన ముంగిలి

తుళ్లూరులో కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు ముంగిట లాన్ వేయించాలని ముచ్చటపడుతున్నారు. ఆ ముచ్చట ఎక్కడిదో కొంత తెలుసుకుందాం.

పంట పండే నేలను చూపు కోసం పచ్చికకు వదలడం ఒకప్పటి ఇంగ్లండు, ఫ్రాన్సు ప్రభువుల హోదా. కొడవళ్లతో గడ్డి కోయించగల కలవారికే అది చెల్లేది. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రాన్ని రూపొందించాక మధ్యతరగతికీ అందింది. దొరల బంగళాలతోపాటు మన దేశానికీ వచ్చింది. అక్కడ ఏడాది పొడవునా జల్లులు పడతాయి. ఇక్కడ మే నెలలో నల్లరేగడి బీటలు వారుతుంది. తడపకుంటే పచ్చిక నిలవదు. వింతేమంటే, బెర్ముడా గడ్డి పేరుతో మనం డబ్బిచ్చి కొనేది వినాయకునికి సమర్పించే గరికనే! మిరప చేలో కనబడితే పీకి పారవేస్తాము.

పరాయి మొక్కను ఏలినవారే తెచ్చి నాటిన ఉదంతమూ తెలుగు నేలలోనే ఉన్నది. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ అమెరికా ఖండపు తుమ్మ విత్తనాలు కోరగా, మరుసటి ఏడు కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకు దొరుకుతుందన్న సదుద్దేశమే. అదే నేటి సర్కారు తుమ్మ. 2019లో పనులు ఆగిన రాజధాని భూములను అది ఎట్లా కమ్మివేసిందో, 2024లో యంత్రాలతో ఎట్లా తొలగించవలసివచ్చిందో మీరు కళ్లారా చూశారు.

నేనూ పొరబడ్డాను. సర్వీసులో ఉండగా, ఒక ఆసుపత్రి ఆవరణలో రెండు కానుగ చెట్లు కొట్టించి లాన్ వేసే కాగితంపై సంతకం చేశాను. కాన్పుల వార్డుకు వచ్చినవారి బంధువులు ఆ నీడలోనే క్యారేజీలు విప్పుకొనేవారు. మరుసటి వేసవిలో ఒక వృద్ధుడు అక్కడే వడదెబ్బకు పడిపోయాడు. సెలైన్ ఎక్కించాక తేరుకొని, "ఇక్కడ చెట్టుండాలి గదయ్యా?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

మీ ముంగిట కానుగో వేపో ఒక్కటైనా ఉండనివ్వండి. కింద తంగేడు, అడ్డసరం, వావిలి వేయండి. మొదటి రెండు వేసవులు నీరు పోస్తే చాలు. తిప్పతీగ అల్లించుకోండి గాని, రోజూ కషాయం త్రాగకండి; కోవిడ్ కాలంలో దానివల్ల కాలేయం దెబ్బతిన్నవారి వివరాలు వైద్య పత్రికలకెక్కాయి. పసిపిల్లలున్న ఇంట గన్నేరు వద్దు, అది నిలువెల్లా విషం. ఖాళీ జాగాలో వయ్యారిభామ మొలిస్తే పూతకు రాకముందే, చేతికి తొడుగు వేసుకొని పీకండి. దానివల్ల చర్మం దద్దుర్లెక్కి వచ్చిన రైతులను చాలామందిని చూశాను. రాలిన ఆకును తగులబెట్టవద్దు, ఉబ్బసం ఉన్నవారికి ఆ పొగ పడదు. మొక్కల మొదళ్లలోనే వేయండి.