కట్ట మీద కోడలి పేరు

అనంతపురం అనగానే కరువే గుర్తొస్తుంది కదూ! కానీ ఆ ఊరికి పేరొచ్చింది చెరువు వల్ల. 14వ శతాబ్దంలో విజయనగరాన్నేలిన బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయారు పండమేరుకు అడ్డంగా పెద్ద చెరువు కట్టించాడు. కట్టకు ఒక కొసన ఉన్న ఊరికి రాజు పేరు పెట్టారు, అది బుక్కరాయసముద్రం. రెండో కొసన ఉన్నది అనంతసాగరం, అదే నేటి అనంతపురం. అనంతమ్మ ఆయన రాణి అని చెబుతారు.

రాజుకో ఊరు, రాణికో ఊరు. మరి కట్ట? అది ఒక కోడలిది.

ఒకసారి వానలకు కట్ట తెగిందట. ఎంత మట్టి పోసినా నిలవలేదు. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలిస్తేనే గండి పూడుతుందని పోలేరమ్మ పలికిందట. పేరుకే ముసలమ్మ, వయసు చిన్నదే. అందరి దగ్గరా సెలవు తీసుకుని తానే గండిలోకి నడిచి వెళ్లింది. అందుకే అది ముసలమ్మ కట్ట. 1899లో కట్టమంచి రామలింగారెడ్డి ఈ కథనే 'ముసలమ్మ మరణము' కావ్యంగా రాశారు.

కన్నడంలో 'కెరెగె హార' అనే జానపద గేయకథ ఉంది. అందులోనూ చెరువుకు బలయ్యేది చిన్నకోడలే, పేరు భాగీరథి. చెరువు నిండితే ఊరంతా తాగుతుంది, పైరంతా పండుతుంది. బలికి మాత్రం దేవత నోట బయటింటి నుంచి వచ్చిన పిల్ల పేరే ఎందుకొచ్చిందో!

పిల్లలకు ముసలమ్మ త్యాగం తప్పకుండా చెబుదాం. ఈ ప్రశ్న కూడా కలిపి చెబుదాం.